ఆటస్థలంలో ఆమె – 11: నాష్‌విల్ అక్కచెల్లెళ్లు

1950లలో అమెరికాలోని నాష్‌విల్ నుంచి అలబామా రాష్ట్రంలోని టస్కీగీకి ఒక ఆడపిల్లల జట్టు పరుగు పందేల కోసం కార్లలో బయలుదేరేది. తిండి పొట్లాలు కట్టుకునే బయలుదేరేవారు. దారి పొడవునా హోటళ్లు ఉండేవి, కానీ వాటిలో నల్లవాళ్లకు చోటు లేదు. బంకులో పెట్రోలు పోసి డబ్బు తీసుకునేవారు, ఆ పక్కనే ఉన్న మరుగుదొడ్డి మాత్రం వాడుకోనిచ్చేవారు కాదు. అందుకని ఊరు దాటాక ఎక్కడో కారు ఆపితే పిల్లలు పొలాల్లోకి వెళ్లి వచ్చేవారు. ఒలింపిక్ స్వర్ణం గెలిచి వచ్చిన అమ్మాయి కూడా ఆ కార్లలో ఉండేది. ఆమె కూడా పొలంలోకి వెళ్లాల్సిందే.

ఈ జట్టు పేరు టైగర్‌బెల్స్. టెనెసీ రాష్ట్ర ప్రభుత్వం నల్లవాళ్ల కోసం 1912లో తెరిచిన కాలేజీ వాళ్లది. ఇప్పుడు టెనెసీ స్టేట్ యూనివర్సిటీ అంటున్నారు. ఆ కాలేజీ ఆటగాళ్లకు ‘టైగర్స్’ అని పేరు. దానికి ‘సదరన్ బెల్’ అనే మాటలోని రెండో సగం చేరింది. సదరన్ బెల్ అంటే దక్షిణాదిలో దొరల ఇళ్ల సొగసరి పిల్ల, ఎండ తగలకుండా పెరిగిన తెల్లపిల్ల. ఆ మాటను పత్తి చేల నుంచి, పాచిపనుల ఇళ్ల నుంచి వచ్చిన నల్లపిల్లలు తమ పేరులో కలుపుకున్నారు. ఆ పేరు వినగానే నాకు వాళ్ల పరుగు కంటే ముందు వాళ్ల ధైర్యం కనబడుతుంది.

గత సంచికలో టస్కీగీ కథ చెప్పుకున్నాం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో అలీస్ కోచ్‌మన్ హైజంప్‌లో గెలిచి, ఒలింపిక్ స్వర్ణం అందుకున్న మొదటి నల్లజాతి మహిళ అయింది. టస్కీగీలో ఆడపిల్లల అథ్లెటిక్స్‌ను పెంచిన కోచ్ క్లీవ్‌లాండ్ అబాట్. నాష్‌విల్‌లో ఆడపిల్లల జట్టుకు 1943లో పునాది వేసింది ఆయన కూతురు జెస్సీ అబాట్. పుట్టింటి విత్తనం తెచ్చి అత్తవారి దొడ్లో నాటినట్టు, టస్కీగీ విద్య అలా నాష్‌విల్‌ చేరింది. ఆ మొక్కను చెట్టు చేసినవారు ఎడ్ టెంపుల్.

టెంపుల్ 1927లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హారిస్‌బర్గ్‌లో పుట్టారు. 1946లో ఆటగాడిగా ఈ కాలేజీకి వచ్చారు, ఇక్కడే చదివి, ఇక్కడే ఉండిపోయారు. జీతం కోసం కాలేజీ పోస్టాఫీసు చూసుకునేవారు, సోషియాలజీ పాఠం చెప్పేవారు, మిగిలిన వేళల్లో ఆడపిల్లలకు పరుగు నేర్పేవారు. భార్య చార్లీ బి. టెంపుల్ ఆయన పనిలో సగం మోసేది. మగపిల్లల ఫుట్‌బాల్‌కు ఉన్న డబ్బుగానీ హంగుగానీ ఆడపిల్లల పరుగుకు లేదు. మట్టి ట్రాక్ మీదే సాధన. పిల్లలకు పూర్తి స్కాలర్‌షిప్ ఉండేది కాదు. రోజూ రెండు గంటలు కాలేజీలో ఏదో ఒక పని చేస్తే ఫీజు గడిచేది. పొద్దున సాధన, తర్వాత క్లాసులు, తర్వాత పని, మళ్లీ సాధన. ఒలింపిక్ చాంపియన్‌కైనా అదే పద్ధతి.

ఆయన నియమాలు కఠినం. మగపిల్లల కార్లు ఎక్కకూడదు. వేళ తప్పకూడదు. ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే అన్ని చుట్లు అదనంగా పరిగెత్తాలి. ఒక రోజు ఒక పొడుగాటి పిల్ల నిద్ర లేవక అరగంట ఆలస్యంగా వచ్చింది. ముప్పై చుట్లు తిరిగింది. మర్నాడు అరగంట ముందే వచ్చి కూర్చుంది.

ఆ పిల్ల విల్మా రుడాల్ఫ్.

విల్మా బాల్యం చాలామంది పాఠకులకు తెలిసిందే, అందుకని క్లుప్తంగా చెబుతాను. 1940లో నాష్‌విల్‌కు ఉత్తరాన ఉన్న క్లార్క్స్‌విల్ దగ్గర, ఇరవై రెండు మంది పిల్లల్లో ఇరవయ్యోదిగా, నెలలు నిండకుండా పుట్టింది. పోలియోతో ఎడమ కాలు చచ్చుబడింది. ఊళ్లో ఆసుపత్రి నల్లపిల్లను చూడదు. తల్లి బ్లాంచ్ యాభై మైళ్ల దూరంలో నాష్‌విల్‌లో ఉన్న మెహారీ నల్లజాతి వైద్య కళాశాలకు బస్సులో, వెనక సీట్లో కూర్చుని తీసుకెళ్లేది. ఇంట్లో రోజుకు నాలుగు సార్లు ఆ కాలికి మర్దన చేయాలని డాక్టర్లు చెప్పారు. అమ్మ ఒక్కతే ఎలా చేస్తుంది? అక్కలూ అన్నలూ వంతులు వేసుకున్నారు. పన్నెండేళ్లు వచ్చేసరికి విల్మా ఇనుప కట్టు లేకుండా నడిచింది, ఆపైన బాస్కెట్‌బాల్ ఆడింది. ఆ ఆటలకు రిఫరీగా వచ్చిన టెంపుల్ కళ్లలో పడింది.

పుట్టినప్పటి నుంచీ అక్కల చేతుల్లో పెరిగిన పిల్ల ఆమె. నాష్‌విల్‌లో టెంపుల్ ఆమెను మళ్లీ అక్కల చేతుల్లోనే పెట్టారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచేది ఇదే.

టెంపుల్ ప్రతి వేసవిలో హైస్కూలు పిల్లలను కొన్ని వారాలు కాలేజీకి రప్పించేవారు. వాళ్లు హాస్టల్లో కాలేజీ అమ్మాయిలతో కలిసి ఉండి, కలిసి తిని, కలిసి పరిగెత్తేవారు. బ్యాటన్ ఎలా అందుకోవాలి, పందెం ముందు రాత్రి ఎలా నిద్రపోవాలి, తెల్లవాళ్ల ఊళ్లో నోరు ఎక్కడ విప్పాలి, ఎక్కడ మూసుకోవాలి, ఇవన్నీ చిన్నవాళ్లు పెద్దవాళ్లను చూసే నేర్చుకున్నారు. హాస్టల్లో చదివిన తెలుగు ఆడపిల్లలకు ఇది వివరించక్కర్లేదు. మొదటి వారం ఏడుస్తున్న పిల్ల కంచంలో తన ఊరి ఆవకాయ వేసిన సీనియర్ అక్క ముఖం ముసలితనంలో కూడా గుర్తుంటుంది.

విల్మాకు అలాంటి అక్క మే ఫ్యాగ్స్. న్యూయార్క్ పిల్ల. 1948లో లండన్ వెళ్లింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో రిలేలో స్వర్ణం గెలిచిన నలుగురిలో ఒకతి. ఆ నలుగురిలోనే చికాగోకు చెందిన పదిహేనేళ్ల బార్బరా జోన్స్ కూడా ఉంది. ఆమె తర్వాత ఈ కాలేజీకే వచ్చింది. మే ఫ్యాగ్స్ పొట్టి మనిషి. విల్మా ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. వయసులో చిన్నదైన విల్మా పెద్దవాళ్లను దాటిపోవడానికి సంకోచించేది. దాటితే స్నేహం పోతుందేమోనని భయపడి ఆఖరి గజాల్లో నెమ్మదించేది. ఇది కనిపెట్టింది ఫ్యాగ్సే. మా కోసం ఆగవద్దు, నీ పరుగు నువ్వు పరిగెత్తు అని చెప్పింది. 1956 ఒలింపిక్ ఎంపిక పందేల్లో బెదిరిపోయిన పదహారేళ్ల పిల్లను తన వెంటే ఉండమంది, తాను చేసినట్టే చేయమంది. ఇద్దరూ జట్టులోకి వచ్చారు.

అక్క తనను దాటిపొమ్మని చెల్లెలికి చెప్పడం చిన్న మాట కాదు. జట్టులో ఉన్న చోట్లు కొన్నే. ఒకరు లోపలికి వస్తే ఇంకొకరు బయట ఉండిపోతారు. పోటీ, ప్రేమ ఒకే మంచం మీద పడుకున్న ఇల్లు అది.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో విల్మా 200 మీటర్లలో తొలి రౌండ్లలోనే పోయింది. కానీ రిలేలో ఫ్యాగ్స్, మార్గరెట్ మ్యాథ్యూస్, విల్మా, ఇసబెల్ డేనియల్స్ కలిసి 44.9 సెకన్లలో కంచు పతకం తెచ్చారు. దేశం పేరు మీద పరిగెత్తిన ఆ నలుగురూ ఒకే కోచ్ దగ్గర తయారైన పిల్లలు. ఫ్యాగ్స్‌కు అది మూడో ఒలింపిక్స్. మూడు ఒలింపిక్స్‌లో పరిగెత్తిన మొదటి అమెరికన్ మహిళ ఆమె.

రెండేళ్లకు విల్మాకు ఇంకో పరీక్ష వచ్చింది. హైస్కూలు ముగిసే సంవత్సరమే ఆమె గర్భవతి అయింది. 1958లో ఆడపిల్ల పుట్టింది. తల్లులను జట్టులోకి తీసుకోకూడదన్నది టెంపుల్ నియమం. ఆ నియమాన్ని ఆయన సడలించారు. బిడ్డను విల్మా పుట్టింటివాళ్లు సాకారు. విల్మా కాలేజీలో చేరింది. ఆ రోజుల్లో పెళ్లికి ముందు తల్లి అయిన పిల్లకు చదువు తలుపులు మూసుకుపోవడమే మామూలు. ఇన్ని నియమాలు పెట్టిన మనిషి ఒక్క నియమాన్ని ఎవరి కోసం, ఎప్పుడు వదిలారో చూస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లి సొరారిటీల సంగతి చెప్పాలి. అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు గ్రీకు అక్షరాల పేర్లతో పెట్టుకునే సంఘాలివి. ‘సోరోర్’ అంటే లాటిన్‌లో సోదరి. తెల్ల అమ్మాయిల సంఘాల్లో నల్ల అమ్మాయిలకు చోటు లేదు. 1908 జనవరి 15న వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పుట్టింది. నల్లజాతి కాలేజీ అమ్మాయిల మొదటి సొరారిటీ అదే. అయిదేళ్ల తర్వాత, 1913 జనవరి 13న, అక్కడే ఇరవై రెండు మంది విద్యార్థినులు డెల్టా సిగ్మా థీటా స్థాపించారు. రెండు నెలలు కూడా నిండకుండానే, మార్చి 3న, మహిళలకు ఓటు హక్కు కోరుతూ రాజధాని వీధుల్లో సాగిన ఊరేగింపులో ఆ అమ్మాయిలు నడిచారు. తెల్ల మహిళలే చాలామంది తమతో నడవొద్దన్న ఊరేగింపు అది.

ఈ సంఘాల్లో సభ్యత్వం కాలేజీతో ముగిసిపోదు. పట్టా తీసుకున్నాక కూడా ఏ ఊరు వెళ్తే ఆ ఊరి శాఖలో చేరతారు. ఒకరినొకరు ‘సోరోర్’ అనే పిలుచుకుంటారు. కొత్త ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిన నల్లజాతి టీచరమ్మకు హోటల్లో గది దొరకని కాలంలో, ఆ ఊళ్లో తలుపు తీసే ఇల్లు ఒకటి ఉందన్న మాట ఎంత బలమో ఆలోచించండి. టెన్నిస్‌లో వింబుల్డన్ గెలిచిన మొదటి నల్లజాతి క్రీడాకారిణి ఆల్థియా గిబ్సన్ ఫ్లోరిడాలో చదువుకునేటప్పుడు ఆల్ఫా కప్పా ఆల్ఫాలో చేరింది. విల్మా రుడాల్ఫ్ డెల్టా సిగ్మా థీటా సభ్యురాలు.

వీటి మీద విమర్శ కూడా ఉంది, దాన్ని దాచకూడదు. హోవర్డ్‌లోనే సోషియాలజీ చెప్పిన ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1957లో ఇంగ్లిష్‌లో వచ్చిన ‘బ్లాక్ బూర్జువాజీ’ పుస్తకంలో ఈ సంఘాల ఆడంబరాన్ని, ఖర్చును గట్టిగా తప్పు పట్టారు. ఆయన మాటలో నిజం ఉంది. రుసుములు, దుస్తులు, విందులు పేదపిల్లలకు అందేవి కావు. ఎంపిక చేసే చోట ఎంపిక కాని పిల్ల కన్నీళ్లు తప్పవు. అయితే 1913 మార్చిలో ఆ వీధుల్లో నడిచిన పాదాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నా మటుకు నాకు, టెంపుల్ జట్టే గ్రీకు అక్షరాలు లేని సొరారిటీ. అక్కడ చేరడానికి రుసుము లేదు. పొద్దున్నే లేచి రావాలి, అంతే.

ఇక 1960. ఆ ఏడాది ఫిబ్రవరి 13న నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ల భోజనశాలల కౌంటర్ల ముందు కూర్చుని, లేచేది లేదన్నారు. ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థిని డయాన్ నాష్ ముందు నిలిచింది. టెనెసీ స్టేట్ పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఏప్రిల్ 19న వాళ్ల తరఫు న్యాయవాది జెడ్. అలెగ్జాండర్ లూబీ ఇంటి మీద బాంబు పడింది. అదే రోజు వేలమంది మౌనంగా నగర కార్యాలయం దాకా నడిచారు. మే 10న కొన్ని కౌంటర్లు మొదటిసారి నల్లవాళ్లకు తెరుచుకున్నాయి. ఆ ఊళ్లోనే, ఆ నెలల్లోనే, టైగర్‌బెల్స్ రోమ్ ఒలింపిక్స్ కోసం చుట్లు తిరుగుతున్నారు.

రోమ్‌లో అమెరికా మహిళల జట్టుకు కోచ్ టెంపులే. 100 మీటర్ల పందేనికి ముందు విల్మా గడ్డిలో చిన్న గుంటలో కాలు వేసి చీలమండ మెలిపెట్టుకుంది. కట్టు కట్టించుకుని పరిగెత్తింది. సెప్టెంబరు 2న 11.0 సెకన్లలో గెలిచింది. వెనక గాలి ఎక్కువగా ఉండడంతో అది ప్రపంచ రికార్డు కాలేదు. 5న 200 మీటర్లు గెలిచింది. మిగిలింది రిలే. అదే ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ కోచ్ ఎస్.ఎ. రహీం భారత ఫుట్‌బాల్ జట్టును నడిపించారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 400 మీటర్లలో మిల్ఖా సింగ్‌కు పతకం వెంట్రుకవాసిలో తప్పింది. మన పెద్దలు ఆ ఒలింపిక్స్ గురించి చెప్పినప్పుడు ఈ పేర్ల పక్కన విల్మా పేరు కూడా చెప్పేవారు.

రిలేలో నలుగురూ మళ్లీ టైగర్‌బెల్సే. మొదట మార్తా హడ్సన్, అయిదడుగులు కూడా లేని పిల్ల. తర్వాత లుసిండా విలియమ్స్. తర్వాత హెల్సింకీ బార్బరా జోన్స్. ఆఖరున విల్మా. సెమీఫైనల్లో 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టారు. ఫైనల్లో జోన్స్ చేతి నుంచి బ్యాటన్ అందుకునేటప్పుడు విల్మా పట్టు తడబడింది. పడిపోబోయిన బ్యాటన్‌ను సర్దుకునేలోగా జర్మనీ అమ్మాయి ముందుకు వెళ్లిపోయింది. విల్మా వెంటపడి అందుకుంది, దాటింది. 44.5 సెకన్లు. ఒకే ఒలింపిక్స్‌లో మూడు అథ్లెటిక్స్ స్వర్ణాలు గెలిచిన మొదటి అమెరికన్ మహిళ అయింది. ఆ తడబాటును తన పరుగుతో చెల్లించింది గనుక ముగ్గురు స్నేహితురాళ్ల మెడలో కూడా బంగారం పడింది. నలుగురూ విజయ వేదిక మీద నిలబడ్డ ఫొటోలో ఎవరి ముఖంలో ఎక్కువ సంతోషం ఉందో నేను ఇప్పటికీ తేల్చుకోలేను.

క్లార్క్స్‌విల్ ఊరేగింపు చేస్తామంది. ఆ ఊరి అలవాటు ప్రకారం తెల్లవాళ్లది ఒక పక్క, నల్లవాళ్లది ఒక పక్క. వర్ణవిభజనను సమర్థించి ఎన్నికైన గవర్నర్ బుఫోర్డ్ ఎలింగ్టన్ రాష్ట్రాన్ని ఏలుతున్న రోజులవి. అందరూ కలిసి రాకపోతే తాను రానని ఇరవయ్యేళ్ల విల్మా చెప్పింది. 1960 అక్టోబరు 4న ఊరేగింపులోనూ, ఆ రాత్రి విందులోనూ ఊరంతా కలిసి కూర్చుంది. క్లార్క్స్‌విల్ చరిత్రలో రంగు చూడకుండా అందరినీ రానిచ్చిన మొదటి వేడుక అదే. అయినా అక్కడి హోటళ్లు ఆ మర్నాటి నుంచి మారిపోలేదు. 1963 మేలో, పట్టా చేతికొచ్చిన ఏడాదే, ఒక హోటల్ ముందు నిరసనలో విల్మా స్వయంగా నిలబడాల్సి వచ్చింది.

పరుగులో విల్మా తర్వాత ఆమె చోటు తీసుకున్నది వయోమియా టయస్. జార్జియాలోని గ్రిఫిన్ పిల్ల. పదిహేనేళ్లకే తండ్రి పోయాడు. ఆ దుఃఖంలో మాట తగ్గిపోయిన పిల్ల వేసవి శిబిరానికి వచ్చింది. అక్కడ అట్లాంటా అమ్మాయి ఎడిత్ మెగ్వైర్ స్నేహం దొరికింది. 1964 టోక్యోలో 100 మీటర్లలో గెలుస్తుందని అందరూ అనుకున్నది ఎడిత్. గెలిచింది టయస్. ఎడిత్ రెండోది. ఒకే జట్టు, ఒకే కోచ్, ఒకే స్నేహం. మూడు రోజులకు ఎడిత్ 200 మీటర్లు గెలిచింది. ఆ స్నేహం పతకాల దగ్గర తెగలేదు, తర్వాత దశాబ్దాల పాటు నిలిచింది. ఫ్యాగ్స్ విల్మాకు నేర్పింది ఈ పాఠమే కదా. పక్క గీతలో ఉన్నది నీ అక్కే అయినా పూర్తిగా పరిగెత్తు. పందెం అయ్యాక ఆమె దగ్గరికే వెళ్లు.

1968 మెక్సికోలో టయస్ 11.08 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి మళ్లీ గెలిచింది. 100 మీటర్ల ఒలింపిక్ స్వర్ణాన్ని వరుసగా రెండోసారి గెలిచినవాళ్లు అప్పటిదాకా మగవాళ్లలోనూ లేరు. విజయ వేదిక మీద నల్ల గ్లవ్స్ వేసిన పిడికిళ్లు ఎత్తినందుకు జట్టు నుంచి పంపేసిన టామీ స్మిత్, జాన్ కార్లోస్‌లకు తమ రిలే స్వర్ణాన్ని అంకితం చేస్తున్నామని ఆమె ప్రకటించింది. ఆ పిడికిళ్ల ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ ప్రకటన పత్రికల్లో ఎక్కడా పెద్దగా రాలేదు. ఆడపిల్లలు చేసిన ధైర్యాన్ని చరిత్ర ఇలాగే అడుగు పుటకు తోస్తుంది. ఈ ధారావాహిక మొదలుపెట్టింది అందుకే.

టెంపుల్ దగ్గర తయారై ఒలింపిక్స్‌కు వెళ్లిన అమ్మాయిలు 40 మంది. వాళ్లు తెచ్చిన పతకాలు 23, అందులో స్వర్ణాలు 13. ఆయన మాత్రం ఎవరైనా పతకాల గురించి అడిగితే ఇంకో లెక్క చెప్పేవారు. ఆ 40 మందిలో 39 మంది పట్టా తీసుకున్నారు. చాలామంది టీచర్లయ్యారు, కోచ్‌లయ్యారు. పొలాల్లో కారు ఆపుకుని వెళ్లిన పిల్లలు మరో తరం పిల్లలను కార్లలో, ఆ తర్వాత విమానాల్లో తీసుకెళ్లారు. రెండు లెక్కల్లో నాకు రెండోదే పెద్దది.

1994లో టెంపుల్ పదవి విరమించారు. ఆ చోటులోకి వచ్చింది 1984 లాస్ ఏంజెలిస్‌లో రెండు రిలే స్వర్ణాలు గెలిచిన టైగర్‌బెల్ చాండ్రా చీజ్‌బరో. 1994లోనే, నవంబరు 12న, విల్మా మెదడు క్యాన్సర్‌తో యాభై నాలుగేళ్లకే కన్నుమూసింది. టెంపుల్ 2016 సెప్టెంబరులో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో పోయారు. టెనెసీ స్టేట్‌లో ఇప్పుడు ఒక హాస్టల్‌కు విల్మా రుడాల్ఫ్ పేరు ఉంది.

(వచ్చే సంచికలో: ఆడపిల్లల ఆటకు అమెరికా కాలేజీల్లో చట్టబద్ధంగా చోటు ఇచ్చిన 1972 నాటి 37 మాటలు.)